బండి కింద మచ్చలు

అమీర్‌పేట, హైదరాబాద్
20 జులై 2025, ఆదివారం

మెహబూబ్ భాయ్‌కి,

నీ జోగారావు సలాములు. నువ్వు కాస్త కుదుటపడ్డావనీ, బిడ్డ నౌషీన్ ఇచ్చే జావ వద్దనకుండా తాగుతున్నావనీ ఆశపడుతూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసా అని రాస్తే నువ్వు నమ్మవు. అందుకే రాయడం లేదు.

ఫోన్ చేయకుండా ఈ కాలంలో ఉత్తరాలేమిటని మీ అల్లుడు నవ్వుతున్నాడట. నవ్వనీ. పోయినసారి ఫోన్‌లో నువ్వన్న మాట నాకు అందలేదు. అందలేదని నీకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ చెవికి పెట్టుకుని ఊరికే ఉండిపోయాం. పక్షవాతం నీ మాటను ముద్ద చేసిందని తెలుసు భాయ్, కానీ అలా ఊరికే ఉండిపోవడం ఇంకోసారి నా వల్ల కాదు. ఉత్తరమైతే నౌషీన్ నెమ్మదిగా చదువుతుంది, నువ్వు నెమ్మదిగా చెబుతావు, ఆ పిల్ల రాసి పంపుతుంది. మనకు తొందరేముంది?

బండి ఎట్లుందని అడిగావు. కారుతోంది. ఒక చోట ఆపితే ఇంకో చోట కారుతోంది.

నువ్వు నిజామాబాద్ వెళ్లాక నీ మెకానిక్ షెడ్డు అజీమే చూసుకుంటున్నాడని రాశాను కదా. నీ దగ్గర పని నేర్చినవాడు, మంచివాడే. కానీ నీ అంత నిదానం లేదు. బండి కింద నల్లటి మచ్చ కనబడగానే ఇంజిన్ కింది ఆయిల్ ఛాంబర్ పగిలిందన్నాడు. విప్పి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. మర్నాడు పొద్దున బండి కింద పరిచిన అట్ట మీద మళ్లీ అదే మచ్చ. అప్పుడే నీ జవాబు వచ్చింది. "మచ్చ పడ్డ కాడ కాదు, పైన చూడు. ఆయిల్ కిందికి జారుతది, గాలికి ఎనక్కి పోతది. ఇంజిన్ మొత్తం కడుగు, ఆరనియ్యి, పౌడర్ చల్లు, జర దూరం తిప్పుకొని రా" అని నౌషీన్ చేత రాయించావు. నీ గొంతు విన్నట్టే అనిపించింది.

అలాగే చేశాం. మొహానికి రాసుకునే పౌడరే కొని చల్లాం. పంజాగుట్ట దాకా వెళ్లి వచ్చి బానెట్ ఎత్తితే, తెల్లటి పౌడర్ మీద నల్లటి చార స్పష్టంగా కనబడింది. పైన టాపెట్ కవర్ మూల నుంచి మొదలై, ఇంజిన్ వెనక వైపుగా జారి, ఛాంబర్ అంచున చుక్కగా నిలిచింది. ఎవరో ఆ కవర్ బోల్టులు అవసరానికి మించి బిగించారు, ప్యాకింగ్ నలిగి బయటికి ఉబ్బింది. అజీమ్ తలకొట్టుకున్నాడు. "ఉస్తాద్ ఆడ మంచంల పండుకొని చూసిండు, నేను ఈడ కింద పండుకొని సుత చూడలే" అన్నాడు. కొత్తది వేసి, చేత్తో ఎంత పడితే అంతే బిగించాడు. నల్ల మచ్చ ఆగింది.

ఆ పూట సంతోషించాను భాయ్. అబద్ధమెందుకు, షెడ్డు బయట టీ కూడా తాగాం. కానీ ఆ సంతోషం నిలవలేదు.

వానలు పడుతున్నాయి కదా, అట్ట మీద తడి కనబడితే వాన నీరనుకున్నాం, లేకపోతే ఏసీ నీరనుకున్నాం. ముట్టుకుంటే వేళ్లకు జిగురుగా అంటింది, వాసన తియ్యగా ఉంది. కూలెంట్. రేడియేటర్ పైపు క్లిప్పు మార్చాడు అజీమ్. ఆగలేదు. పైపే మార్చాడు. ఆగలేదు. చివరికి అద్దం ముక్క పట్టుకుని చూస్తే, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుందే, దాంట్లోంచి చుక్కా చుక్కా వస్తోంది. లోపల సీల్ పోయిందన్నమాట. పంపు మార్చాం. అది అయిందో లేదో, స్టీరింగ్ దగ్గర ఎర్ర ఆయిల్. "చాచా, దీనికి దమ్ము లేదు. ఒకటి గట్టిగ చేస్తే దాని పక్కది పోతది. అంత ముసలిదైంది" అన్నాడు అజీమ్.

పంజాగుట్ట రామ్మోహనరావు గారు తెలుసుగా, ఎక్కడికి వెళ్లాలన్నా మన బండే కిరాయికి పిలిచేవారు. మొన్న దారిలో కనబడ్డారు. "ఏంటి జోగారావు, ఇంకా ఎన్నాళ్లు ఆ బండితో? వదిలేయకూడదూ?" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను నవ్వి వచ్చేశాను. కానీ ఇంటికి వచ్చాక అన్నం ముందు చాలాసేపు కూర్చుని, తినకుండానే లేచాను. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే, బండి నా కాలి కింద ఎంత మాట వినేదో ఆయనకేం తెలుసు? ఆ పని తప్ప నాకు ఇంకో పని రాదు. పొద్దున లేవగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు భాయ్. స్టీరింగ్ లేని చేతులు ఇంత బరువుగా ఉంటాయని నాకు ఇంతకు ముందు తెలియదు.

ఇప్పుడు అసలు భయపడే సంగతి. నిన్న అజీమ్ ఆయిల్ పోసే మూత తీశాడు. మూత లోపలి వైపు పెరుగు మీగడలాగా తెల్లగా, నురగగా పేరుకుని ఉంది. వాడు మూత మళ్లీ పెట్టేశాడు. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుందేమో, ఇంజిన్ దించాల్సి వస్తుందేమో అంటున్నాడు. అయితే డిప్‌స్టిక్ తీసి చూస్తే మాత్రం దాని మీద ఆయిల్ నల్లగానే ఉంది, తెలుపు లేదు. పొగ కూడా మామూలే. ఈ వానల్లో బండి దూరం వెళ్లింది లేదు, సందు చివరి దాకా వెళ్లి రావడమే. మరి దీన్ని ఏమనుకోవాలి? ఇంజిన్ విప్పమంటావా, వద్దంటావా? నీ మాట వచ్చే దాకా పానా ముట్టుకోవద్దని అజీమ్‌కు చెప్పాను.

ఆ బండిలోనే నిజామాబాద్ వచ్చి నిన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పమన్నావట. ఇన్ని చోట్ల కారేదాన్ని పెట్టుకుని ఎట్లా రాను? దారిలో ఆగిపోతే నిన్ను పెట్టుకుని నేనేం చేయగలను? చెయ్యి కాస్త లేవగానే నువ్వే వచ్చి చూస్తానన్నావట. ఆ మాట చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాల్సి వచ్చింది. తొందర పడకు. బండి ఎక్కడికీ పోదు.

మందులు వేళకు వేసుకో. నౌషీన్ మీద విసుక్కోకు, దానికీ ఇంటినిండా పనే. అల్లా నిన్ను చల్లగా చూడాలి.

ఎప్పటికీ నీవాడు,
జోగారావు

తా.క. అమ్మా నౌషీన్, ఈ కాగితం విడిగా మడిచి పెట్టాను. నాన్న దగ్గర తీయకు. వంటింట్లోకి వెళ్లి చదువుకో.

బండి లేదు తల్లీ. నాన్నకు పక్షవాతం వచ్చి మీరందరూ ఆసుపత్రిలో ఉన్న వారమే పోయింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతుంటే బ్రేకు పెడల్ నేలకు తగిలిపోయింది. కింద జనం రోడ్డు దాటుతున్నారు. గేరు తగ్గించినా, హ్యాండ్ బ్రేకు లాగినా ఆగలేదు. గోడకేసి తిప్పాను. నా ఎడమ కాలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. మెట్ల మీద జారానని మీకు చెప్పిన కాలు అదే. దాంతో ఇక క్లచ్ తొక్కలేను. ఇప్పుడు ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర కాపలాగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఎదురుగానే నాన్న షెడ్డు. నేను రాసే మచ్చలన్నీ అక్కడికి వచ్చిన వేరే ఎవరిదో పాత బండివి.

మన బండిని తుక్కుకు ఇచ్చేముందు అజీమ్ కింద దూరి చూశాడు. ముందు చక్రానికి వెళ్లే బ్రేకు పైపు నట్టు పూర్తిగా బిగియక సగం మరలోనే ఆగిపోయి ఉంది. బ్రేకు ఆయిలంతా అక్కడి నుంచే పోయింది. ఆ పైపు వేసింది నాన్నే. ఆయన చేతులతో చేసిన చివరి పని అదే. పానా జారుతోందని ఆ రోజు ఒకటికి రెండుసార్లు అన్నాడు, చెమట అనుకున్నాం. అప్పటికే ఆ చెయ్యి మొద్దుబారుతోందని ఎవరికి తెలుసు? అజీమ్ ఆ నట్టు నా చేతిలో పెట్టి, "చాచా, ఉస్తాద్‌కు చెప్పకు, పానం తీసుకుంటడు" అని ఏడ్చాడు. వాడికి మాటిచ్చాను.

మొదట బండి బాగుందని రాశాను. అయితే అందులోనే రమ్మన్నాడు. రాలేక, కారుతోందని రాశాను. జవాబులు చెప్పడానికి లేచి కూర్చుంటున్నాడని నువ్వు రాస్తే, మంచిపనే చేశాననుకున్నాను. ఇప్పుడేమో బండి దిగులుతో నాన్న నిద్రపోవడం లేదని, అమ్మేశానని రాసేయమని అంటున్నావు. అమ్మానంటే, "ఎవరికి?" అంటాడు. "కొన్నవాడు బ్రేకులు చూపించుకున్నాడా?" అంటాడు. చూపించుకున్నాడంటే, "ఏమన్నారు?" అంటాడు. మీ నాన్న నాకు తెలుసు, అక్కడితో ఆగడు.

ఆ మూత కింద తెలుపు వానాకాలపు చెమ్మేనట, అజీమ్‌కు తెలుసు. నాన్న కూడా అదే చెబుతాడు. చెప్పినప్పుడు ఆయన ముఖంలో కాస్త వెలుగు వస్తే నాకు రాయి.

నాకు ఆయన మీద కోపం లేదు. నిజం మాత్రం నేను చెప్పలేను. ఇంకో అబద్ధం కూడా నాకు దొరకడం లేదు. వచ్చే ఉత్తరంలో ఏం రాయాలో తెలియడం లేదు తల్లీ. నీకేమైనా తోస్తే చెప్పు.