ఫ్లెక్సీ ఆధారం కాదు

దత్తాత్రి మామకు నమస్కారం.

వికీపీడియాలో మన ఊరి పేజీ నుంచి మీ పేరు తీసేసింది నేనే. యాదలక్ష్మిని తిట్టకండి. ఆమె ఆదివారాలు సిద్దిపేట లైబ్రరీలో నా దగ్గర వ్యాసాలు రాయడం నేర్చుకుంటోంది. మీరు చెప్పగానే నమ్మి, "చేనేత సంఘం స్థాపకుడు దత్తాత్రి" అని ఎక్కించింది. ఆధారం ఏదని అడిగితే, బస్టాండు దగ్గర కట్టిన మీ పుట్టినరోజు ఫ్లెక్సీని ఫోటో తీసి చూపించింది.

"గంత పెద్దగ రాసి ఉంది మేడం, అబద్ధమెట్లయితది?" అంది.

మన ఫ్లెక్సీ మనమే వేయించుకుంటాం కాబట్టి అది ఆధారం కాదని చెప్పాను. పుస్తకంలోనో పేపర్లోనో వేరేవాళ్లు రాసి ఉండాలి. సొంతవాళ్ల గొప్ప మనం రాసుకోకూడదు. ఆమెకు వెంటనే అర్థమైంది.

మీరేమో అమ్మకు ఫోన్ చేసి, "అక్కా, నీ బిడ్డకు మేనమామకన్న కంప్యూటరే ఎక్కువైందా?" అన్నారట. బాపు పోయాక నన్ను చదివించింది మీరే. అది మరిచిపోలేదు. అయినా మళ్లీ ఎక్కిస్తే మళ్లీ తీసేస్తాను.

ఆ సంఘం పెట్టింది బాపు అని మీకూ తెలుసు. మగ్గం దిగి, ఇల్లిల్లూ తిరిగి నేతవాళ్లందరినీ చేర్చింది ఆయనే. ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు. నేను వికీపీడియాలో కొత్తగా చేరినప్పుడు ఊరి పేజీలో ఆయన పేరు రాశాను. నియమం తెలిశాక, అమ్మ నా పక్కనే కూర్చుని ఏడుస్తున్నా, నా చేత్తోనే తీసేశాను.

బాపు పేరే తీసిన చేతికి మీ పేరొక లెక్కా, మామా?

మీ మేనకోడలు