కొండపల్లి వాగు సీసా

కోటేశ్వరరావు గారూ,

మీరు పట్టిన క్యాడిస్ ఈగ కొత్త జాతేనని ఈ వారం ఖాయమైంది. పురుగుగా నీళ్లలో ఉన్నన్నాళ్లూ ఇసుక రేణువులు అతికించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకునే ఆ ఈగకు, మన కాలేజీ ల్యాబ్‌లోనే కూర్చుని శాస్త్రీయ వర్ణన రాశాను.

అప్పట్లో మీరు ఈగను స్పిరిట్‌లో వేసి ఇచ్చిన సీసాలో చీటీ ఖాళీగా ఉందని, ఎక్కడ పట్టారో రాయలేదని స్టూడెంట్ల ముందు మిమ్మల్ని కసిరాను. "రాసే ఇచ్చానండీ మేడమ్, కొండపల్లి వాగని" అన్నారు మీరు. నోటిమాట చెల్లదని ఆ సీసా పక్కన పడేశాను.

నిన్న దాన్ని మళ్లీ తీస్తే స్పిరిట్ లేత నీలంగా కనిపించింది. మీ చీటీ మాసిందని నేనే మరొకటి బాల్‌పెన్నుతో రాసి వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "స్పిరిట్‌లో పెన్ను కరిగిపోద్దండీ, పెన్సిలే వాడాలి" అని ప్రతి బ్యాచ్‌కీ చెప్పిన ల్యాబ్ అటెండరు మీరే.

మీరు పోయి ఏడాదైంది. ఆ వాగుకే వెళ్లి నేను పట్టిన ఈగతో వర్ణన పూర్తిచేశాను. అందులో సేకరించినవారు అన్నచోట నా పేరే ఉంది.

ఇవాళ మీ సీసాలో కొత్త చీటీ వేశాను. పట్టినది మీరని, చెరిపింది నేనని రాశాను. పెన్సిల్‌తోనే.

మీ మేడమ్