అక్కకు థ్యాంక్స్ ఎందుకు?

జహీరాబాద్,
18-11-1979.

చిరంజీవి తమ్ముడు చంద్రప్పను అక్క బస్వమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు. నమ్మాలనే ఉంది కానీ నమ్మకం కుదరడం లేదు.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. నా మోకాలి నొప్పి తగ్గింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. ఝరాసంగం చేనులో కంది పూతకొచ్చింది. ఇక నేనడిగేది నువ్వు చెప్పు. నాకు థ్యాంక్స్ ఎందుకు రాశావు?

దసరాకు మహాదేవప్ప లారీలో రొట్టెలూ అవిసెల కారమూ పంపితే, కార్డు చివర "థ్యాంక్స్ అక్కా" అని రాశావు. అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్లు. అప్పటినుంచి నా చేతి తిండి తిన్నావు, ఒక్కనాడైనా ఆ మాట అన్నావా? కంచం ముందుకు తోసి "ఇంకోటెయ్" అనేవాడివి. మందుల దుకాణం అతను మాత్రలు కాగితంలో చుట్టిచ్చి థ్యాంక్స్ అంటాడు, నేను మెట్టు దిగేలోపే మరిచిపోతాడు. నువ్వూ అలా అయ్యావా? చెప్పకుండా పెళ్లిగాని చేసుకున్నావా, మిల్లులో పని పోయిందా అని ఏవేవో అనుమానాలు. మీ బావేమో నవ్వాడు.

"సోలాపూర్ల ఉండి జర మర్యాద నేర్చిండు పోరడు. నీకెందుకే ఫికర్?"

"మర్యాద చేయనీకె నేనేమన్న సుట్టాన్నా?" అన్నాను.

గిర్నిలో జొన్నలు పట్టిస్తుంటే మీ ఇంగ్లీషు సారు శంకరప్ప కనిపించారు. ఉండబట్టలేక అడిగేశాను.

"థింక్ అంటె తలుసుకునుడు గదమ్మా. థ్యాంక్స్ గూడ గక్కడికెల్లే పుట్టింది. నువ్వు జేసిన మేలు యాదిల ఉన్నదని చెప్పుడన్నట్టు."

"మరి మందుల దుకాణపాయన నన్ను యాది పెట్టుకుంటడా సారూ?"

"ఇప్పుడు అందరు ఊకెనే అంటున్రు. అరిగిపోయింది మాట."

నువ్వు రాసింది పుట్టినప్పటి మాటో, అరిగిపోయిన మాటో తేల్చుకోలేక నాకు అన్నం సయించలేదు.

ఇక దాచి లాభం లేదు, నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ దసరా కార్డు వచ్చాక, పోయిన నెల మళ్లీ పంపిన కారంలో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. "ఉప్పెయ్య మరిసినవేందే" అని తిడుతూ రాస్తావని ఎదురుచూశాను. "కారం చాలా బాగుంది, థ్యాంక్స్" అని వచ్చింది. పోస్టుమ్యాన్ ఎదుటే ఏడ్చేశాను. ఆ డబ్బా అసలు తెరిచావా? ఎవరికైనా ఇచ్చేశావా? లేక తిని కూడా నేను నొచ్చుకుంటానని ఊరుకున్నావా? తెరవలేదంటే కోపమొస్తుంది. తిని ఊరుకున్నావంటే భయమేస్తుంది. నా తమ్ముడు నాతో అంత జాగ్రత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మహాదేవప్ప చేతికి ఇవాళ ఇంకో డబ్బా ఇచ్చాను. అందులో ఉప్పుందో లేదో చెప్పను. తిని రాయి.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
అక్క బస్వమ్మ