పెద్దమ్మ కూనిరాగం

యావుండే,
2012 నవంబరు 4.

ఫుంక్విన్ అక్కకు,

నీ చెల్లెలు నాంగే తలవంచి రాస్తున్న ఉత్తరం. నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఈసారి చిక్కుళ్ళు బాగా కాశాయని ఇక్కడి సంతకు వచ్చిన మన ఊరివాళ్ళు చెప్పారు.

ఉత్తరంతో పాటు మెమరీ కార్డు పంపుతున్నాను. అందులో మీ అమ్మ గొంతుంది. నీ ఫోనులో వేసుకుని విను, కానీ ముందు ఇది చదువు.

మన భాషలో పలికే రాగం మారితే మాట అర్థమే మారిపోతుంది కదా. ఆ రాగాన్ని విడిగా పట్టుకోవడానికి, నోరు మూసి కూనిరాగం తీయమని పెద్దమ్మను అడిగేదాన్ని. ఇన్నేళ్ళు చదివింది నన్ను తేనెటీగను చెయ్యడానికటే పిల్లా అని నవ్వేది. మన మాట వచ్చినవాళ్ళు వందమంది కూడా మిగల్లేదు. అంతా పోకముందే దాచాలన్న తొందర నాది.

నీ పెళ్ళప్పుడు ఆమె అన్న మాటకి నువ్వు గడప తొక్కడం మానేశావు. తనే నోరు విప్పి పిలవమను, అప్పుడొస్తా అని నాతోనే కబురంపావు. చెప్పాను. దాని పొగరూ నా పొగరూ ఒకటేనే, పొయ్యిలే వేరయ్యాయి అంది.

జులైలో పక్షవాతంతో ఆ నోరే పడిపోయింది. మాట పోయి కూనిరాగం మిగిలింది. మంచం పక్కన రికార్డరు పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ మళ్ళీ ఒకటే రాగం, ఎత్తు నుంచి పల్లానికి జారేది. కాగితం మీద గీతలు గీసుకున్నాను. మూడో రోజు పొద్దున పోయింది. నీకు కబురు చేసేలోపే పోయిందని అందరికీ చెప్పాను. మన ఆనవాయితీ ప్రకారం నోటితో నీళ్ళు చిలకరించి దీవించకుండానే వెళ్ళిందని నువ్వు ఆ రోజంతా అంటూనే ఉన్నావు.

మూడు నెలల తరువాత, మొన్న, నా గదిలో మళ్ళీ వింటుంటే తెలిసింది. చిన్నప్పుడు అవతలి కొండమీద మనం కట్టెలు ఏరుతుంటే పెద్దమ్మ కేకేసేది. గాలికి అక్షరాలు కొట్టుకుపోయి రాగమొక్కటే మనదాకా వచ్చేది. అదే రాగం. నీ పేరు. నిన్నే పిలిచిందక్కా. నోరు విప్పలేకపోయింది గాని, పిలిచింది.

ఆలస్యంగా గ్రహించినందుకు మన్నించగలవా?

నీ చెల్లెలు,
నాంగే

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. మూడు నెలలన్నది అబద్ధం. ఆ రాగం నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మొదటి రోజే, మొదటిసారే గుర్తుపట్టాను. నువ్వొస్తే ఏడుపులు, జనం. రికార్డింగు కోసం ఇంకో రెండు రోజులు గది నిశ్శబ్దంగా ఉంటే చాలనుకున్నాను. రికార్డులోంచి నా గొంతు కత్తిరించేశాను గాని, ఇప్పుడు తిరిగి చేర్చాను. చివర్లో వినపడుతుంది. రేపు పిలుస్తాలే పెద్దమ్మా, ఇంకొక్కసారి అను అంటాను.

ఆమె అంది.