రాశి నెత్తిన పువ్వు

శుక్రవారం, గిల్లేసూగూరు

నెత్తి అనే మాటకున్న అర్థాలన్నీ పొద్దున మనవరాలికి గొప్పగా చెప్పాను. నెత్తిన పెట్టుకుంటే గౌరవం, నెత్తిన పడితే భారం అని.

సాయంత్రం కళ్లంలో జొన్నల రాశికి పూజ. జొన్నలు తూర్పారబట్టిన కూలామె నింగమ్మ రాశి నెత్తిన బంతిపువ్వు పెట్టబోయింది.

"నువ్వు పెట్టకు నింగమ్మా, మొగుడు లేనిదానివి. కోడలు పెడ్తది" అన్నాను, మనవరాలితో సహా అందరి ముందూ.

"గట్లనే అమ్మా" అని పక్కకు జరిగింది.

నిరుడు మా ఆయన పోయాక ఇదే రాశి పూజలో నేను వెనక్కి తగ్గితే, "గదేందమ్మా? ఇంటి పెద్దవు, నువ్వే పెట్టాలె" అని నా చేతికి పువ్వు ఇచ్చింది ఈ నింగమ్మే.

కళ్ళు నెత్తికెక్కడమంటే ఏమిటో పిల్లకు పొద్దున చెప్పలేదు. సాయంత్రం నన్ను చూసి తెలుసుకునే ఉంటుంది.