కుట్టు పడిన హనుమంతుడు

శేరిలింగంపల్లి,
11 జులై 1999

ప్రియమైన అక్కకు,

నేను బాగున్నాను. ఆఫీసులో కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే పని నడుస్తోంది, ఆదివారాలు కూడా వదలడం లేదు. ఈ సంగతి ఎస్టీడీ బూత్‌లో నిలబడి మాట్లాడేది కాదు, అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం బావకు చూపించొద్దు.

మొన్న పని మీద మాదాపూర్‌లో వేరే కంపెనీకి వెళ్లాను. అంతా అద్దాల కట్టడం. లోపల రిసెప్షన్ గోడకు అద్దాల పెట్టెలో మన హనుమంతుడు ఉన్నాడు. బొమ్మ వెనక బల్బు ఉంది కానీ, పగలు కాబట్టి వెలిగించలేదు.

తోలుబొమ్మలన్నీ ఒకేలా ఉంటాయంటావు. కానీ ఎడమ భుజం మీద పందికొక్కు కొరికిన చోట నాన్న వేసిన మేకతోలు అతుకు ఉంది. దారం కుట్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఆ రోజు సూది అందించింది నేనే. దగ్గరికి పోతే సెక్యూరిటీ అతను, "జర దూరం నిలబడుండ్రి సార్. గది వందేండ్ల బొమ్మంట, ముడితే నా నౌకరీ పోతది" అన్నాడు.

తనను బొందలో పెట్టాక హనుమంతుణ్ణి చిత్రావతిలో కలపమని నాన్న చెప్పాడు కదా. ఆడించిన మనిషి పోతే, ఆడిన బొమ్మ నీళ్లలోకి పోవాలి. పదకొండో రోజు నాకు సెలవు లేక వెనక్కి వచ్చేశాను. బొమ్మను తీసుకెళ్లింది బావ ఒక్కడే. కలిపినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?

నీ జవాబు కోసం చూస్తుంటాను.

దినేష్

*

ధర్మవరం,
20 జులై 1999

తమ్ముడు దినేష్‌కు,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. పక్కన ఎవరూ లేరు. ఆడవాళ్లం వెళ్లం, నువ్వు లేవు, ఇంకెవరు ఉంటారు? మీ బావ నాన్న దగ్గర పన్నెండేళ్లు గిఫ్టు కొట్టు చూసుకున్నాడు. మూరెడు తోలు కూడా తనదనుకోలేదు.

కొట్టు పేరు మార్చలేదు. అందరికీ అది ఇంకా బొమ్మల సుబ్బరాయుడి కొట్టే. నిన్న మన వీధి జయమ్మ మనవరాలి పెళ్లికి గోడ గడియారం కొనింది. "గడియారం మీద పేరు రాసేదెవరే ఇంక, మీ నాయన రాస్తే అచ్చరాలు నవ్వుతాండె" అంటూ కొట్లోనే కూర్చుండిపోయింది. మీ బావ పేరు రాశాడు. వంకర పోయింది. ఆమె దాన్ని అలాగే చంకలో పెట్టుకుని పోయింది.

కరెంటు పోయినప్పుడు నాన్న గిరాకీని వదిలేసి, దీపం ముందు హనుమంతుణ్ణి పట్టుకుని గోడ మీద గెంతించేవాడు, గుర్తుందా? కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మరిచిపోయేవాళ్లు. బొమ్మ కంట్లోంచి సన్నగా వెలుగు వచ్చి మన మొహాల మీద పడితే, నువ్వు నా ఓణీలో దూరేవాడివి. అంతటి బొమ్మను అమ్ముకునే మనిషి ఎవరు? అది వేరే ఎవరో చేసింది అయి ఉంటుంది. సరిగ్గా చూడు.

వేళకు తిను.

నీ అక్క,
నాగమణి

*

శేరిలింగంపల్లి,
2 ఆగస్టు 1999

అక్కకు,

సరిగ్గానే చూశాను. మళ్లీ వెళ్లి, రిసెప్షన్‌లో ఉండే కెజియా అనే అమ్మాయిని అడిగాను. గోడలు అలంకరించినతను బెంగళూరులో పాత వస్తువులు అమ్మే షాపులో కొన్నాడట. బావ బెంగళూరు ఎన్నిసార్లు పోతాడు? పోయేటప్పుడు చేతిలో ఏముంటుంది?

ఇంకోటి. నాన్న పోయింది మార్చిలో. నేను వచ్చేటప్పుడు చిత్రావతిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నీళ్లే లేని ఏట్లో బొమ్మను ఎలా కలిపాడు?

ఆ కంపెనీ మేనేజరుకు చెప్పేశాను, అది మా ఇంట్లోంచి దొంగతనంగా పోయిందని. ఆయన రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. ఎవరి మీద అనుమానమో కూడా రాస్తే పోలీసులకు పంపిస్తాడట. నాన్న తన వెంట రమ్మని చెప్పిన ఒకే ఒక్క బొమ్మ ఆఫీసు గోడ మీద వేలాడుతుంటే నేను ఊరుకోలేను. నువ్వూ కొంచెం కళ్లు తెరిచి చూడు.

దినేష్

*

ధర్మవరం,
19 ఆగస్టు 1999

దినేష్‌కు,

చూడమన్నావు, చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

నెలకొకసారి సరుకు కోసం బెంగళూరు పోతాడు. గ్రీటింగ్ కార్డులు, గడియారాలు అట్టపెట్టెల్లో తెస్తాడు. పోయేటప్పుడు ఒక గుడ్డమూట ఉంటుంది. వచ్చేటప్పుడూ ఉంటుంది. ఇంతకాలం అది నాకు మూట మాత్రమే. కొట్టు వెనక గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. తలుపు సందులోంచి పొగ వాసన వస్తుంది.

ఏట్లో నీళ్లు లేవు కదా అని అడిగాను.

"నీళ్లు యాడుంటే ఆడికి పోయి కలిపినా."

"యాడ?"

"పైన మడుగులో. ఏమే, సాక్షిని తేవాల్నా?"

గదిలో ఏముందని అడిగాను. పళ్లెం పక్కకు జరిపి లేచిపోయాడు. ఆ రోజు నుంచి కొట్లోనే పడుకుంటున్నాడు. నేను క్యారియర్ పంపితే తిరిగి వస్తుంది. ఇంటి పక్కవాళ్లు అడగడం మొదలుపెట్టారు, ఒంట్లో బాగాలేదని చెబుతున్నాను.

పేరు రాయాల్సి వస్తే రాయి. నాకు చెప్పి రాయి. పోలీసులు వచ్చాక తెలుసుకోవడం నావల్ల కాదు.

నాగమణి

*

శేరిలింగంపల్లి,
27 ఆగస్టు 1999

అక్కకు,

కాగితం రాసి పెట్టాను. బావ పేరు ఉంది. వచ్చే నెల పదో తేదీన ఇస్తాను. చెప్పేదేదైనా ఉంటే ఆలోపు చెప్పమను. నీకు కష్టం కలిగించాలని కాదు. నాన్న ఉంటే ఏం చేసేవాడో అదే చేస్తున్నాను.

దినేష్

*

ధర్మవరం,
3 సెప్టెంబరు 1999

దినేష్,

ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా ఆ కాగితం ఇవ్వొద్దు.

నీ ఉత్తరం కొట్టుకు తీసుకుపోయి మీ బావ ముందు పెట్టాను. చదివాడు. "నాన్న ఉంటే ఏం చేసేవాడో" అన్న చోట వేలు పెట్టి మళ్లీ చదివాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతికిచ్చాడు.

గదిలో తీగ మీద హనుమంతులు వేలాడుతున్నారు, దినేష్. ఒకడు కాదు. అందరికీ ఎడమ భుజం మీద అతుకు ఉంది. అందరికీ అవే అడ్డదిడ్డం కుట్లు. పందికొక్కు కొరికిన చోటును నాన్న ఎన్నిసార్లు కొరికించాడో.

అమ్మ పోయాక ఆటకు పిలిచేవాళ్లు తగ్గారు. కొత్త బొమ్మలు చూపిస్తే బెంగళూరు షాపువాళ్లు పక్కన పెట్టి, ఇంట్లో పాతవి ఉన్నాయా అని అడిగేవాళ్లట. లేవని చెప్పి చెప్పి, ఒకరోజు నాన్న ఉన్నాయన్నాడట. కొత్తది చేసి, టీ డికాషన్ పూసి, ఆ గదిలో పొగ పట్టించేవాడట. తోలుకు పట్టిన ఆ వాసన ఇంకా పోలేదు. పొయ్యి చూసుకున్నది మీ బావే.

మరి నీ మూట ఏంది అని అడిగాను.

"మామ పోయినాక షాపులో మిగిలిండేవి వెనక్కి తెస్తాండా. ఊరికే ఇయ్యరు కదా. లైటుకు తొడిగే కొత్త తోలుబొమ్మలు ఇచ్చి, ఇవి తెచ్చుకుంటాండా. నీ తమ్ముడు చూసింది ముందే అమ్ముడుపోయిండాది."

"నాకు చెప్పొచ్చు కదా."

"మామ చెప్పొద్దన్యాడు. పిల్లోల్ల కాడ నా మొగం పోతాది రా సీనా, అన్యాడు."

"నిన్ను దొంగ అంటాంటే కూడానా?"

"మీ తమ్మునికి దొంగ కావాల. మామ కంటే నేనైతే మేలు కదా."

ఒక బొమ్మను కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. కిరీటంలోంచి, తోకలోంచి వెలుగు వస్తోంది. కంట్లోంచి రావడం లేదు. నల్ల చుక్క మాత్రం ఉంది. "ఆడే బొమ్మకే కన్ను పొడిచేది. వీటికి వద్దన్యాడు. రోంత సేపు ఉలి పట్టుకొని కూకుంటాండె, మళ్ల పక్కన పెడతాండె" అన్నాడు.

అందుకని నువ్వు పోయి ఆ బల్బు వెలిగించమని అడుగు. కన్ను చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.

అక్క

*

శేరిలింగంపల్లి,
11 సెప్టెంబరు 1999

ప్రియమైన అక్కకు,

నిన్న సాయంత్రం వెళ్లాను. కాగితం జేబులో ఉంది. బల్బు వెలిగే ఉంది. చెవిపోగుల్లోంచి, నడుము పట్టీలోంచి, తోక చివరి దాకా చుక్కలు చుక్కలుగా వెలుగు. కన్ను ఉన్నచోట చీకటి.

"కంప్లైంట్ తెచ్చారాండి?" అని కెజియా అడిగింది.

"లేదండి. అది మాది కాదు. పొరపాటు పడ్డాను."

"కుట్లు మీ నాన్నగారివే అన్నారు కదండీ?"

"అలాంటివి మా వైపు చాలామంది కుడతారు."

మేనేజరు కూడా వచ్చాడు. "అయితే ఇది నిజంగా నూరేళ్లదేనంటారా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆ మాట నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది. ఇంటికి వచ్చాక గాని దాని బరువు తెలియలేదు. బావ దాన్ని ఎన్నేళ్లు మోశాడో నేను అడగను.

నాన్న మీద కోపం ఉందో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఉలి పట్టుకుని కూర్చుని మళ్లీ పక్కన పెట్టేవాడన్నావు కదా, రాత్రంతా అదే కళ్లముందు ఉంది. కాగితం చించేశాను.

మొదటి ఉత్తరం బావకు చూపించొద్దని రాశాను. ఇది ఆయన చేతిలోనే పెట్టు. క్షమించమని రాయాలంటే సిగ్గుగా ఉంది, వచ్చి చెబుతాను. ఈ లోపల క్యారియర్ పంపకు. నువ్వే కొట్టుకు పోయి ఇంటికి పిలుచుకునిరా.

దసరాకు సెలవు అడిగాను. వస్తే బావను నన్నొకసారి పై మడుగుకు తీసుకుపొమ్మను. సాక్ష్యం కోసం కాదు. ఆ రోజు అక్కడ ఆయన పక్కన నిలబడాల్సింది నేను.

మీ ఇద్దరి తమ్ముడు,
దినేష్