వెల్లకిలా పడుకున్న పెద్దావిడ

శ్రీమతికి,

ఇక్కడ నేను కులాసా. ట్రైనింగులో నీకు నిద్ర పడుతోందో లేదో రాయి. నేనైతే రెండు రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. షాపులో రెండు గడియారాలు విప్పి, బిగించకుండానే వదిలేశాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పోయాక పెట్టెలో దాచుకోవాలన్నావు కదా, నీ టరంటులా సాలీడు చక్కగా ఎండుతోంది. పదకొండేళ్లు పెంచావు, నాకంటే ముందే నీ ఇంట్లో ఉంది కాబట్టి ‘పెద్దావిడ’ అని వేళాకోళం చేసేవాణ్ని కదా, ఆవిడకు ఏ లోటూ చెయ్యలేదు. కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే పక్కింటాయన దగ్గరుండి చూపించాడు. పొట్ట కింద చిన్న గాటు పెట్టి, లోపలిది తీసి, దూది కూరాం. ఎనిమిది కాళ్లూ థర్మోకోల్ మీద పరిచాం. సూదులు కాళ్లలో గుచ్చలేదు, పక్కన ఆనించాం. ఒక కాలు మాత్రం పాలిపోయి ఉంటుంది. ఆ సంగతికే వస్తున్నాను.

“బాధపడిందా?” అని అడిగావు. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లూ ఎండల గురించి మాట్లాడాను.

మూడు వారాలుగా తిండి మానేసింది. ఆ ఉదయం చూస్తే, తెల్లటి గూడు పరుచుకుని వెల్లకిలా పడి ఉంది. పోయిందనుకున్నాను. పక్కింటాయనకు చెబితే, “వాసన రాకుండా ఫ్రీజర్లో పెట్టండి, సాయంత్రం వస్తా” అన్నాడు. పెట్టాను. సాయంత్రం బయటికి తీసి, మెత్తబడ్డాక కాలు సాగదీస్తుంటే పైతొక్క మేజోడులా ఊడొచ్చింది. లోపల ఇంకో కాలు, లేతగా.

ఆయన పట్టకారు కింద పెట్టేశాడు. “అయ్యో, ఇది చచ్చి పడుకోలేదండీ, కుబుసం విడుస్తోంది! అప్పుడు ఇలాగే వెల్లకిలా పడుకుంటాయి. మీ ఆవిడ చెప్పలేదా?”

చెప్పే ఉంటావు. నేను ఊ కొట్టి ఉంటాను. ఫ్రీజర్లోనే ప్రాణం పోయింది.

ఆగిన గడియారాన్ని కూడా ఊపి, చెవి దగ్గర పెట్టుకుని చూసి గానీ ఆగిందనను. ఆవిడను ఒక్కసారి కదిపి చూడలేదు. భయపడి కాదు. పోయిందనుకోగానే హమ్మయ్య అనిపించింది. ఇకమీదట ఇంటికి రాగానే ముందు నన్నే పలకరిస్తావనుకున్నాను. ఇంత వయసొచ్చి, సాలీడును చూసి కుళ్లుకున్నాను. సిగ్గుగా ఉంది.

పెట్టెలో పెట్టే చీటీ మీద పోయిన తేదీ, కారణం రాయాలట. పక్కింటాయన నా ముఖం చూసి, “ముసలితనం అని రాసేద్దామా?” అన్నాడు. వద్దని, కారణం దగ్గర నా పేరు రాశాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. తిట్టడానికైనా ఎత్తు.

ఇట్లు,
నీ మొగుడు